తెర మీద పడిన జడ



2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదులో ఉన్నవాళ్ళెవరూ ఆ వానని మర్చిపోయి ఉండరు. ఊరి శివార్లలో కొన్నిచోట్ల 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. కాలనీలకు కాలనీలు మునిగాయి. వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. ఆ రాత్రి గడిచి ఇంకా తెల్లవారకముందే, 14వ తేదీన, ఆ నగరంలోనే ఒక ఆసుపత్రిలో కూచిపూడి నర్తకి శోభానాయుడు గారు కన్నుమూశారు. పొద్దున్నే ఎవరింట్లోకి నీళ్ళొచ్చాయో కనుక్కుందామని ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటుంటే ఈ కబురు కూడా ఆ నీళ్ళ కబుర్ల మధ్యలోనే చేరింది. పైగా కరోనా రోజులు. నలుగురు ఒకచోట చేరడానికి లేదు. నలభై ఏళ్ళపాటు నిండిన సభల ముందు ఆడిన మనిషిని సాగనంపడానికి సభ లేకుండా పోయింది.

దానికి మూడు వారాల ముందు, సెప్టెంబరు 25న, గాయకుడు బాలసుబ్రహ్మణ్యం గారు పోయారు. ఆ తరవాత చాలా రోజులు ఏ స్టేషను పెట్టినా ఆయన పాటే. గాయకుడు పోతే రేడియో ఎలా దుఃఖపడాలో రేడియోకి తెలుసు, రికార్డు తీసి వేస్తుంది. నర్తకి పోతే ఏం వెయ్యాలి? గజ్జెల చప్పుడు వేస్తే అది ఎవరి కాలి గజ్జో చెప్పగలిగే చెవి ఎక్కడుంది? నట్టువాంగం వేస్తే అది తాళం చెబుతుంది తప్ప, తాళానికి అరక్షణం ముందు ఆవిడ కనుబొమ్మ ఎలా లేచిందో చెప్పదు. శోభానాయుడు గారి విద్యలో సగం ఆ కళ్ళల్లోనే ఉండేది. కాబట్టి ఈ పదిహేను నిమిషాలూ నేను చెయ్యగలిగింది ఒకటే: చూసినదాన్ని మాటల్లో పెట్టడం. మీలో ఆమెని చూసినవాళ్ళు నేను వదిలేసినవి పూరించుకోండి.

నేను నర్తకిని కాను, ఆవిడ శిష్యురాలినీ కాను. రవీంద్రభారతిలో టిక్కెట్టు కొనుక్కునో, పాసు సంపాదించుకునో కూర్చుని చూసినదాన్ని. ఆవిడకి నా పేరు కూడా తెలియదు. అయినా స్నేహితురాలు పోయినట్టే అనిపించింది. ఒక మనిషి అలక, గర్వం, సిగ్గు, పశ్చాత్తాపం ఏళ్ళ తరబడి మన కళ్ళముందు పెడుతూ వస్తే, ఆ మనిషి మనకి పరాయిది ఎలా అవుతుంది? మన అక్కచెల్లెళ్ళు మన దగ్గర దాచుకునేవన్నీ ఆవిడ స్టేజి మీద దాచుకోకుండా చూపించింది.

ముందు ఆమె సంగతి కొంచెం. శోభానాయుడు గారు 1956లో అనకాపల్లిలో పుట్టారు. తండ్రి ఇంజనీరు. ఆడపిల్ల కాళ్ళకి గజ్జె కట్టి స్టేజి ఎక్కడం ఆ రోజుల్లో, అలాంటి ఇళ్ళలో, ఎవరికీ రుచించే వ్యవహారం కాదు. తల్లి సరోజినీదేవి గారు పట్టుబట్టారు. రాజమండ్రిలో పి.ఎల్. రెడ్డి గారి దగ్గర మొదలైన చదువు మద్రాసులో వెంపటి చినసత్యం గారి దగ్గరికి చేరింది. ఆ తల్లి లేకపోతే ఈ ప్రసంగమే లేదు. మన కళాకారిణుల జీవితచరిత్రల్లో గురువుల గురించి పేజీలకి పేజీలు ఉంటాయి, ఇంట్లోవాళ్ళతో పోట్లాడి కూతురి చెయ్యి పట్టుకుని రైలెక్కిన తల్లుల గురించి ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం దగ్గర నేను కాసేపు ఆగుతాను ఎప్పుడూ.

చినసత్యం గారు కూచిపూడి గ్రామం నుంచి మద్రాసు వెళ్ళి, 1963లో అక్కడ కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. అప్పటికి ఆ ఊరి సంప్రదాయం ఏమిటో గుర్తుచేసుకోవాలి. కృష్ణా జిల్లాలో దివిసీమకి దగ్గర్లో ఉన్న ఆ పల్లెలో వేదాంతం వారు, వెంపటి వారు, పసుమర్తి వారు, చింతా వారు, ఇలా కొన్ని బ్రాహ్మణ కుటుంబాలు తరతరాలుగా ఈ విద్యని మోశాయి. ఆడేదీ పాడేదీ మగవాళ్ళే. ఆడవేషం కట్టేదీ మగవాళ్ళే. సిద్ధేంద్రయోగి సత్యభామ కథగా భామాకలాపం రాసి ఊరి పిల్లలకి నేర్పి, ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని అక్కడ చెప్పుకుంటారు. ఆడపిల్లలకి ఆ మాటలో చోటు లేదు. వాళ్ళు అరుగుల మీద కూర్చుని చూశారు.

ఇక్కడ మా అమ్మని తీసుకురావాలి. మా అమ్మ గుడివాడ దగ్గరి మనిషి. చిన్నప్పుడు పందిళ్ళలో వేదాంతం సత్యనారాయణశర్మ గారి సత్యభామని చూసింది. ఆయన 1970లో పద్మశ్రీ అందుకున్నారు. స్త్రీ వేషం కట్టడంలో ఆయనకి సాటి లేదని ఆ తరం వాళ్ళు ప్రమాణం చేసి చెబుతారు. మా అమ్మకి సత్యభామ అంటే ఆయనే. "ఆ మనిషి వేషం కట్టుకుని నడిచొస్తుంటే మా పిన్ని తన నడక చూసుకుని సిగ్గుపడింది" అనేది. నేను శోభానాయుడు గారి భామాకలాపం చూడ్డానికి బలవంతాన తీసుకెళ్తే, దారంతా గొణిగింది. ఆడది ఆడవేషం కడితే అందులో విద్యేముందే అని.

నిజానికి ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆ సాయంత్రమే కాదు, ఇప్పటికీ దాని చుట్టూనే తిరుగుతూ ఉంటాను నేను.

భామాకలాపం చూడనివాళ్ళ కోసం ఆ ప్రవేశం చెబుతాను. స్టేజి మధ్యలో ఇద్దరు ఒక తెర పట్టుకుని నిలబడతారు. తెర వెనక నుంచి ముందు పాదాలు కనిపిస్తాయి, గజ్జె మోగుతుంది. తరవాత తెర మీదుగా ఒక పొడుగాటి జడ ఇవతలికి వచ్చి పడుతుంది. నాగరం, సూర్యుడు, చంద్రుడు, కింద కుప్పెలు, అన్నీ అమర్చిన జడ. అది అలంకారం కోసం చూపించే జడ కాదు. సభకి విసిరిన సవాలు. నాతో సమానంగా ఆడగలిగినవాళ్ళు, శాస్త్రం తెలిసినవాళ్ళు ఈ సభలో ఉంటే రండి, నేను ఓడితే ఈ జడ కోసుకోండి, అని దాని అర్థం. భామ ముఖం ఇంకా కనపడలేదు. ముందు సవాలు కనిపించింది. ఆ తరవాత తెర తొలగి, ప్రవేశ దరువు మొదలవుతుంది.

ఎంత విచిత్రమో చూడండి. వందల ఏళ్ళపాటు ఆ జడని విసిరింది మగవాడు. ఆ జడ కోసం కొందరు జుట్టు కూడా పెంచుకున్నారు. ఆడదాని గర్వానికి మన భాషలో ఉన్న అతి పెద్ద గుర్తుని మగవాళ్ళు తమ వీపు మీద మోసి మనకి అప్పగించారు. నేను వాళ్ళని తప్పుపట్టడం లేదు, ఆ విద్య బతికిందే వాళ్ళ వల్ల. కానీ ఆ జడ ఒక స్త్రీ వీపు మీదికి చేరిన రోజున సవాలు అర్థం మారిపోయింది. సభలో కూర్చున్న పండితుడితో మాత్రమే కాదు, ఆ వేషం తనకంటే ముందు కట్టిన మగవాళ్ళందరితోనూ ఆ అమ్మాయి పందెం వేస్తోంది.

ఆ జడ వేసుకున్న మొదటి స్త్రీ శోభానాయుడు గారేనని నేను అనడం లేదు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి గారు అంతకు చాలా ముందే స్త్రీలకి నేర్పారు. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి గారు కూచిపూడిని దేశమంతా చూపించారు. ఆవిడా 2024లో వెళ్ళిపోయారు. కానీ సత్యభామని రాత్రీ పగలూ మోసి, ఆ పాత్ర పేరు చెప్పగానే తన ముఖం గుర్తొచ్చేలా చేసిన స్త్రీ మాత్రం శోభానాయుడు గారే. ఈ మాటకి ఎవరైనా వాదానికి వస్తే నేను సిద్ధమే.

ఎలా చేశారు? మగవాళ్ళు కట్టిన సత్యభామలో కులుకు ఎక్కువ. ఉండాలి కూడా. మగవాడు ఆడదాన్ని నమ్మించాలంటే ఆడతనాన్ని ఒక పాలు ఎక్కువ కలపాలి. నడుములో, మెడ విసురులో, చేతి వేళ్ళలో. శోభానాయుడు గారు ఆ విద్యని మగ గురువు దగ్గరే నేర్చుకున్నారు. ఆడదానిలా ఎలా అలగాలో ఒక మగవాడు నేర్పితే నేర్చుకున్న ఆడపిల్ల! కానీ స్టేజి మీదికి వచ్చేసరికి ఆ ఎక్కువ కలిపిన పాలు ఆవిడకి అక్కర్లేదు. తను ఆడదాన్నని నిరూపించుకోవలసిన పని లేదు. దాంతో ఆ చోటంతా ఖాళీ అయింది, అందులోకి ఠీవి వచ్చి కూర్చుంది. ఆవిడ సత్యభామ ముందు సత్రాజిత్తు కూతురు, తరవాతే కృష్ణుడి భార్య. అలిగినప్పుడు కూడా ఇది నా ఇల్లు, అతను నా దగ్గరికే రావాలి అన్న ధీమా వెన్నెముకలో ఉండేది.

మా అమ్మ ఆ సాయంత్రం భర్త పేరు చెప్పే ఘట్టం దాకా ముభావంగానే కూర్చుంది. సత్యభామ చెలికత్తె మాధవి అడుగుతుంది, నీ భర్త ఎవరమ్మా, పేరు చెప్పు అని. మన ఆడవాళ్ళు భర్త పేరు పలకరు కదా. సత్యభామ తిప్పలు మొదలవుతాయి. ఇన్ని ప్రగల్భాలు పలికిన మనిషికి రెండక్షరాలు నోట రావు. సాధారణంగా అక్కడ నవ్వు పండుతుంది, పండించడం తేలిక కూడా. ఆవిడ చేసింది వేరు. పేరు నోటి చివరి దాకా వస్తుంది, కళ్ళు ఒక్కసారి పక్కకి వెళ్తాయి, ఎవరైనా విన్నారేమో అని. ఆ చూపులో సిగ్గు ఎంత ఉందో, ఆ పేరు తనొక్కదానిదే అన్న పొగరు కూడా అంత ఉంది. మా అమ్మ ముందుకు వంగింది. పక్కనున్నావిడ ఎవరో తెలియకపోయినా ఆవిడ చెయ్యి పట్టుకుంది. మా నాన్న పేరు మా అమ్మ ఎన్నడూ పలకలేదు. రేషను కార్డు ఆఫీసులో కూడా నన్ను చెప్పమనేది.

ఇంటికొచ్చాక మాత్రం ఒప్పుకోలేదు. "బాగానే చేసింది, కానీ శర్మగారి నడక శర్మగారిదే" అంది. ఆ మాట మీద మా ఇంట్లో వాదన చాలా ఏళ్ళు నడిచింది. 2012లో జులైలో చినసత్యం గారు, నవంబరులో సత్యనారాయణశర్మ గారు, ఒకే సంవత్సరంలో ఇద్దరూ పోయారు. ఆ వాదనలో మా అమ్మ పక్షం అప్పుడు బలహీనపడిపోయింది.

విరహంలోకి వస్తే భామాకలాపం అసలు బరువు తెలుస్తుంది. సత్యభామ, కృష్ణుడు ఇద్దరూ అద్దంలో చూసుకుంటారు, ఎవరు అందంగా ఉన్నారనే మాట మీద తగువు వస్తుంది, కృష్ణుడు వెళ్ళిపోతాడు. ఎంత చిన్న కారణం! సంసారాలు చేసినవాళ్ళకి తెలుసు, కారణాలు ఆ సైజులోనే ఉంటాయి. తరవాత సత్యభామ అతనికి లేఖ రాస్తుంది. ఆ లేఖ తీసుకెళ్ళడానికి మాధవి ముక్కెర అడుగుతుంది. సత్యభామ అంతటిది ముక్కెర తీసి ఇవ్వాలి. ముక్కెర మీద వేళ్ళు పెట్టి, తియ్యబోయి, ఆగి, అద్దం ముందు జరిగిందంతా గుర్తొచ్చినట్టు ఒక్క క్షణం ఉండిపోయే సత్యభామని నేను ఆవిడలో చూశాను. స్వాధీనపతిక నుంచి విరహోత్కంఠిత దాకా అష్టవిధ నాయికలు పుస్తకంలో చదివితే వర్గీకరణ. ఆ ముక్కెర దగ్గర మాత్రం ఒక నాయిక నుంచి ఇంకో నాయిక అవడం అంటే ఏమిటో కనిపించింది.

సత్యభామ గురించే చెబుతూ పోతే మిగతావి మిగిలిపోతాయి. చినసత్యం గారి శ్రీనివాస కల్యాణంలో ఆవిడ పద్మావతి. ఎస్.వి. భుజంగరాయశర్మ గారి రచన, పట్రాయని సంగీతరావు గారి సంగీతం, చినసత్యం గారి కూర్పు. ఆ ముగ్గురి కలయికలో తెలుగు నృత్యనాటికకి వచ్చిన నిండుదనం మళ్ళీ రాలేదని నా అభిప్రాయం. వేటకొచ్చిన శ్రీనివాసుడిని తోటలో చూసిన పద్మావతికి సత్యభామ గర్వం ఉండకూడదు, ఉంటే కథ చెడుతుంది. నిన్న జడ విసిరిన మనిషి ఇవాళ కళ్ళెత్తడానికి జంకుతుంటే అదే మనిషా అనిపించేది. విప్రనారాయణలో దేవదేవిగా ఆడారు. సాయిబాబా వేషం కూడా కట్టారు. మగవాళ్ళు ఆడవేషాలు కట్టిన సంప్రదాయంలో పెరిగి, చివరికి మగవేషం కట్టడం, అది కూడా ఒక ఫకీరు వేషం. అక్కడ కులుకూ లేదు ఠీవీ లేదు, ఈ రెండింటినీ వదిలేసిన నడక కావాలి.

సినిమా పిలుపులు వచ్చాయి, వెళ్ళలేదు. ఆ కళ్ళకి సినిమాలో ఏ స్థాయి దొరికేదో ఊహించుకోవచ్చు. ఆవిడ 1980ల మొదట్లో హైదరాబాదులో కూచిపూడి ఆర్ట్ అకాడమీకి ప్రిన్సిపాలుగా కూర్చున్నారు. పొద్దున లేస్తే పిల్లలకి అరమండి సరిచెయ్యడం, అడుగు తప్పితే మళ్ళీ మొదటి నుంచి వేయించడం. ఎన్నో సోలో అంశాలు, నృత్యనాటికలు కూర్చారు. సంగీత నాటక అకాడమీ పురస్కారం, 2001లో పద్మశ్రీ వచ్చాయి. పురస్కారాల జాబితా ఇంతటితో ఆపుతాను, అది ఎక్కడైనా దొరుకుతుంది.

ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్ళు వెయ్యిమందికి పైనే అంటారు. వాళ్ళలో కొందరు అమెరికాలో ఉన్నారు, వాళ్ళ దగ్గర అక్కడి తెలుగు పిల్లలు నేర్చుకుంటున్నారు. ఈ మధ్య ఒక కార్యక్రమంలో ఇరవై ఏళ్ళ అమ్మాయి సత్యభామ ప్రవేశం చేసింది. జడ తెర మీద పడగానే నేను అమ్మాయి ముఖం కోసం కాదు, ఆ పక్కచూపు కోసం ఎదురుచూశాను. పేరు చెప్పే ఘట్టంలో అది వచ్చింది. పూర్తిగా అదే కాదు. ఆ అమ్మాయి కాస్త ఆలస్యంగా చూసింది, నవ్వు కొంచెం ముందే వచ్చేసింది. కానీ అది ఎవరి దగ్గర మొదలైన చూపో నాకు తెలిసింది. ఆ అమ్మాయి శోభానాయుడు గారిని చూసి ఉంటుందో లేదో చెప్పలేను, ఆవిడ శిష్యురాలి శిష్యురాలు అయ్యుంటుంది బహుశా. ఇంత దూరం వచ్చినా చూపు చెరిగిపోలేదు.

అయినా నాకు భయం ఉంది. అడుగులు శిష్యుల కాళ్ళలో నిలుస్తాయి, జతులు నోటి లెక్కల్లో నిలుస్తాయి. నేను ముక్కెర దగ్గర చూసిన ఆ ఒక్క క్షణం లాంటివి ఏ స్వరలిపిలోనూ పట్టవు. వీడియోలు ఉన్నాయంటారు. ఉన్నవాటిలో చాలా భాగం హాలు వెనక నుంచి తీసినవి. నర్తకి మొత్తం కనపడుతుంది, కళ్ళు మాత్రం కనపడవు. గాయకులకి గ్రామఫోను రోజుల నుంచీ జరిగిన మేలు మన నర్తకులకి సరిగ్గా జరగలేదు. ఎనభైలు, తొంభైలలో మంచి కెమెరాతో, దగ్గరి నుంచి, తీరిగ్గా, పూర్తి కలాపం తీసిపెట్టుకుని ఉండవలసింది. ఆ ఖర్చు ఒక పెళ్ళి భోజనాల ఖర్చు కంటే ఎక్కువేం అయ్యేది కాదు.

అందుకని శ్రోతల్లో ఎవరి ఇంట్లోనైనా ఆవిడ కార్యక్రమాల పాత వీడియో క్యాసెట్లు, ఫోటోలు, ఆహ్వాన పత్రికలు ఉంటే పారెయ్యకండి. క్యాసెట్లకి బూజు పట్టకముందే కాపీ చేయించండి. అంతకంటే ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది. ఆవిడ పక్కన నిలబడి మాధవి వేషం కట్టినవాళ్ళు, నట్టువాంగం పట్టినవాళ్ళు, మృదంగం వాయించినవాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు. ఏ ఘట్టంలో ఆవిడ ఎక్కడ ఆగేవారో, ఏ రోజు ఏం మార్చేవారో, రిహార్సల్లో ఏం వద్దనేవారో వాళ్ళకి తెలుసు. ఎవరో ఒకరు టేపురికార్డరు పట్టుకుని వాళ్ళ దగ్గర కూర్చోవాలి. మాధవి వేషం కట్టినవాళ్ళతో మొదలుపెడితే మంచిది. భర్త పేరు అడిగింది వాళ్ళే కాబట్టి, ఆ చూపుని అడుగు దూరం నుంచి చూసింది కూడా వాళ్ళే.